చెదపురుగును మెచ్చుకున్న వడ్రంగి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో సినిమా సమీక్షల మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం ఒకటికి రెండుసార్లు చదివాను. కష్టపడి రాశారు, అది తెలుస్తూనే ఉంది. అమెరికాలో సినిమా విమర్శ ఎలా పెరిగిందో చెబుతూ జేమ్స్ ఏజీ పేరు చెప్పారు, పాలిన్ కేల్ పేరు చెప్పారు, రోజర్ ఈబర్ట్ బొటనవేలు పైకెత్తడం కిందికి దించడం గురించి ఒక పేరా రాశారు. సినిమా విమర్శకుడు, చిత్రకారుడు మ్యానీ ఫార్బర్ పేరు మాత్రం ఎక్కడా లేదు. మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళే దాటిపోయాయేమో అనుకుని రెండోసారి పేరు కోసమే వెతికాను. లేదు. అందుకే ఈ ఉత్తరం. పెద్దదయింది, క్షమించండి, కానీ ఆయన గురించి నాలుగు ముక్కల్లో చెబితే చెప్పినట్టు ఉండదు. మీ పాఠకుల పేజీలో పట్టకపోతే మీరైనా చివరిదాకా చదవండి, అది చాలు.

నేను ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం రాకముందు, పదో తరగతి సెలవుల్లో మొదలుపెట్టి ఏడెనిమిదేళ్ళు, విజయవాడలో సినిమా బ్యానర్లు వేసే షెడ్డులో పనిచేశాను. కంపెనీవాళ్ళు పంపిన ఫొటో మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, ఆ గళ్ళనే పెద్దవి చేసి గుడ్డ మీద దారంతో కొట్టి, ఒక్కో గడిలో ఏముందో అది మాత్రమే వేసుకుంటూ పోవాలి. గడిలో ముక్కు ఉందనుకుని వేస్తే ఏదో ఒక ముక్కు వస్తుంది, ఆ హీరో ముక్కు రాదు. మా మేస్త్రి "ముక్కు అని చూడకురా, మచ్చని చూడు, ఆ మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడు" అనేవాడు. మొహంలో ఆకుపచ్చ ఉంటుందని, కనుబొమ్మ కింద ఊదారంగు ఉంటుందని నాకు తెలిసింది అక్కడే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సినిమాని అలా గడి గడిగా చూసి, చూసినదాన్ని అలాగే మాటల్లో పెట్టిన మనిషి ఒకడు ఉన్నాడని నాకు అరవై దాటాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే నా పిల్లలకి పాఠం వేరేగా చెప్పేవాణ్ణి.

2019 ఫిబ్రవరిలో మా అమ్మాయి దగ్గరికి శాన్ డియాగో వెళ్ళాను. బొమ్మలంటే నాకు ప్రాణమని తెలుసు కాబట్టి ఒక శనివారం అల్లుడు గారు లాస్ ఏంజెలెస్ తీసుకెళ్ళి అక్కడి సమకాలీన కళా మ్యూజియంలో దింపారు. లోపల ఫార్బర్ పేరు మీద ప్రదర్శన జరుగుతోంది. ఆయన బొమ్మలు, ఆయనలా చూసే ముప్పైమంది దాకా వేరే కళాకారుల బొమ్మలు కలిపి పెట్టారు. ప్రదర్శన పేరులోనే చెదపురుగు ఉంది. ఆ చెదపురుగు సంగతి కిందికొస్తుంది, ముందు మనిషి గురించి చెప్పాలి.

ఫార్బర్ 1917లో ఆరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఉన్న డగ్లస్ అనే ఊళ్ళో పుట్టాడు. యూదు కుటుంబం, తల్లిదండ్రులకి బట్టల కొట్టు. ముగ్గురు అన్నదమ్ముల్లో చివరివాడు. అన్నలిద్దరూ మానసిక వైద్యులయ్యారు. ఈయన కాలేజీలో ఫుట్‌బాల్ ఆడి, శాన్‌ఫ్రాన్సిస్కోలో బొమ్మలు నేర్చుకుని, పొట్టకూటికి వడ్రంగం పట్టుకున్నాడు. పట్టుకున్నది ఏదో నాలుగు నెలలకి కాదు. న్యూయార్క్ వచ్చి పత్రికల్లో పేరు పడ్డాక కూడా, కొన్ని దశాబ్దాలపాటు, పగలు సుత్తి రంపంతో కట్టడాల దగ్గర పనిచేస్తూనే రాశాడు, బొమ్మలు వేశాడు. మన పుస్తకాల్లో మేధావి అంటే కుర్చీలో కూర్చున్న ఫొటో ఉంటుంది. ఈయన చేతికి చెక్కపొట్టు అంటుకుని ఉండేది. ఆ సంగతి ఆయన వాక్యంలో కూడా కనపడుతుంది. విశేషణాలు ఒకదాని మీద ఒకటి మేకులు కొట్టినట్టు పేర్చుకుంటూ పోతాడు, ఒకే వాక్యంలో తిట్టు ఉంటుంది, మెప్పు ఉంటుంది, ఏది ఎక్కడ ముగిసిందో తేలాలంటే వెనక్కెళ్ళి మళ్ళీ చదవాలి.

1942లో ది న్యూ రిపబ్లిక్ అనే వారపత్రికలో మొదలుపెట్టాడు. ముందు చిత్రకళ మీద, కొద్ది నెలల్లోనే సినిమా మీద. అంతకుముందు అక్కడ సినిమాల గురించి రాసిన ఓటిస్ ఫెర్గూసన్ యుద్ధంలో ఓడల మీద పనికి వెళ్ళి 1943లో చనిపోయాడు. ఆ ఖాళీలోకి వచ్చినవాడు ఫార్బర్. తర్వాత 1949లో జేమ్స్ ఏజీ వదిలిన ది నేషన్ పత్రిక కాలమ్ తీసుకుని 1954 దాకా నడిపాడు. మీ వ్యాసంలో ఏజీ ఉన్నాడు కదా, ఆయన కుర్చీలో ఆయన తర్వాత కూర్చున్నది ఎవరు అన్న ప్రశ్న వేసుకుని ఉంటే ఫార్బర్ తప్పకుండా తగిలేవాడు.

ఆ రోజుల్లో ఆయన మెచ్చుకున్నవి చూడండి. 1943లో, పెద్ద సినిమాకి ముందు వేసే వార్నర్ కంపెనీ కార్టూన్ల మీద, ఆ బగ్స్ బన్నీ కుందేలు మీద, పెద్ద సినిమా మీద రాసినంత శ్రద్ధగా వ్యాసం రాశాడు. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పోలాక్ అంటే ఎవరో జనానికి ఇంకా తెలియని 1945లోనే ఆయన బొమ్మల గురించి గట్టిగా రాశాడు. పెద్ద సినిమాకి జోడీగా వేసే చవక దయ్యాల సినిమాలు నిర్మించిన వాల్ లూటన్‌ని పట్టించుకున్నాడు. పెద్దవాళ్ళు చూడకుండా పక్కకి నెట్టేసినచోటే ఆయన కన్ను పడేది. పని ఎక్కడ నిజంగా జరుగుతోందో వెతికేవాడు.

1957లో కామెంటరీ అనే పత్రికలో 'అండర్‌గ్రౌండ్ ఫిల్మ్స్' అని వ్యాసం రాశాడు. అండర్‌గ్రౌండ్ అంటే మన దగ్గర అడవుల్లోకి వెళ్ళినవాళ్ళు గుర్తొస్తారు. ఆయన అన్నది వేరు. హోవార్డ్ హాక్స్, రౌల్ వాల్ష్, విలియం వెల్‌మన్, ఆంథొనీ మాన్ లాంటి దర్శకులు తక్కువ డబ్బులో, స్టూడియో ఇచ్చిన కథలో, తుపాకుల సినిమాలూ కౌబాయ్ సినిమాలూ తీస్తూ, పేరున్న పత్రికల కంట పడకుండా నేల కింద పనిచేసుకుంటూ పోయారని, అమెరికా సినిమాలో అసలు బలం అక్కడుందని. ఆ సినిమాలు ఆడే హాళ్ళని వర్ణించిన చోటు నాకు చాలా ఇష్టం. పెద్ద ఊళ్ళలో బస్టాండ్ల దగ్గర ఉండే, బయటినుంచి చూస్తే పచ్చబొట్లు పొడిచే దుకాణం లాగా కనిపించే, ఇరుకిరుకు మసక హాళ్ళు, గుహల్లాంటివి, అవే ఈ సినిమాలకి సొంతిల్లు అంటాడు. అది చదవగానే నాకు మా బస్టాండు దగ్గర హాలు కళ్ళ ముందుకొచ్చింది. నేల టికెట్టు, బెంచీ కింద వేరుశనగ పొట్టు, ప్రొజెక్టర్ వెలుగులో బీడీ పొగ. అక్కడ చూసిన సినిమాలు సినిమాలే కాదని నాకు చాలామంది చెప్పారు, చదువుకున్నవాళ్ళే చెప్పారు. ఇంకో దేశంలో, నేను పుట్టకముందే, ఒక మనిషి 'కాదు, సినిమా అక్కడే ఉంది' అని రాసిపెట్టాడు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ వ్యాసానికి ఉపశీర్షిక మగవాళ్ళ సత్యం అన్న అర్థం వచ్చేలా పెట్టాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆడవాళ్ళు ఆ సినిమాల్లో ఎంత తక్కువగా ఉన్నారో ఆయన ఆ రోజు చూడలేదు. గడి గడిగా చూసేవాడికి కూడా కొన్ని గళ్ళు కనపడలేదు. తర్వాత చూశాడు, ఎలా చూశాడో చెబుతాను.

ఇక చెదపురుగు. 1962లో ఫిల్మ్ కల్చర్ అనే చిన్న పత్రికలో 'వైట్ ఎలిఫెంట్ ఆర్ట్ వర్సెస్ టెర్మైట్ ఆర్ట్' అని రాశాడు. తెల్ల ఏనుగు మనకి తెలిసిందే, మేపలేక చచ్చేది, సర్కారు ప్రాజెక్టుల గురించి మీ పత్రికలోనే వారానికోసారి ఆ మాట వస్తుంది. కళలో తెల్ల ఏనుగు అంటే ఆయన ఉద్దేశం ఇది: నేను గొప్ప పని చేస్తున్నాను అని ముందే నిర్ణయించుకుని, అంచు నుంచి అంచు దాకా ప్రతి అంగుళంలోనూ బహుమతి వచ్చేంత కళ కూరిపెట్టడం. గోడమీద చెట్టు నీడ పడితే దానికీ అర్థం, హీరోయిన్ కిటికీలోంచి చూస్తే దానికీ అర్థం, ఎక్కడా ఊపిరాడదు. చెద కళ అలా కాదు. దానికి గొప్పదాన్ని కావాలన్న ధ్యాసే ఉండదు. దాని ముందున్న చిన్న జాగాని కొరుక్కుంటూ పోతుంది, తన గట్లు తానే తినేస్తూ ముందుకి పోతుంది, వెనక్కి చూస్తే ఏదో ఆత్రంగా, ఒళ్ళు వంచి, చిందరవందరగా పని జరిగిన గుర్తులు తప్ప ఇంకేమీ మిగలవు.

మనింట్లో చెద అంటే ఏమిటి? పెట్టె తీస్తే పుస్తకాలు మట్టయిపోయి ఉండటం, ద్వారబంధం తట్టితే డొల్ల చప్పుడు రావడం. మా అమ్మ సాయంత్రం పూట గోడ మూల మట్టి చాలు కనిపిస్తే కిరసనాయిలు సీసా పట్టుకుని వెళ్ళేది. వడ్రంగికి అంతకంటే పగవాడు లేడు. అలాంటిది వడ్రంగం చేసిన మనిషే చెదపురుగుని తీసుకొచ్చి కళాకారుడి పక్కన నిలబెట్టాడు. ఆ చాలుని దగ్గరగా చూసినవాడికి తప్ప ఆ పోలిక రాదు. ఒకసారి గోడమీద చెద చాలు గోటితో గీకి చూడండి, లోపల ఎంత బిజీగా ఉంటాయో, వెలుగు పడగానే ఎలా గబగబా మళ్ళీ మట్టి కప్పుకుంటాయో. ఎవరూ చూడాలని చేసే పని కాదది.

ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను. జాన్ ఫోర్డ్ తీసిన 'ద మ్యాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్' సినిమాలో జాన్ వేన్. ఎదురుగా లీ మార్విన్ చేతికి కొరడా ఇచ్చారు, ఆయన కళ్ళెర్రజేసి నటిస్తున్నాడు. జాన్ వేన్ మాత్రం కుర్చీని గోడకి వాల్చి, వెనక్కి ఆనుకుని, అవతలివాణ్ణి ఓరగా చూస్తూ కూర్చుంటాడు. కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలిసిన నటుడు అంటాడు ఫార్బర్. అంతే. సినిమా సందేశం గురించి, అమెరికా చరిత్ర గురించి పేజీలు రాయొచ్చు, చాలామంది రాశారు కూడా. ఈయనకి ఆ కుర్చీ కావాలి.

ఇంకోచోట, 1946లో వచ్చిన హోవార్డ్ హాక్స్ సినిమా 'ద బిగ్ స్లీప్' గురించి రాస్తూ, ఆ దశాబ్దపు సినిమాల్లో మంచి క్షణాల్లో ఒకటి రెప్పపాటు కంటే ఎక్కువ ఉండదు అంటాడు. హంఫ్రీ బోగార్ట్ ఒక పుస్తకాల షాపులోంచి వచ్చి రోడ్డు దాటి ఇంకో పుస్తకాల షాపుకి వెళ్తూ తల ఎత్తి ఒక బోర్డు వంక చూస్తాడు. అది. నేను ఇంటికొచ్చి ఆ సినిమా పెట్టుకుని ఆ షాట్ కోసం చూశాను. నిజంగానే రెప్ప వేస్తే పోతుంది. కథకి దాంతో పనిలేదు, ఎవరో చంపబడటం లేదు, పాట లేదు. కానీ ఆ చూపులో ఒక ఊళ్ళో ఒక వీధిలో నడుస్తున్న మనిషి ఉన్నాడు, షూటింగ్ సెట్‌లో నడుస్తున్న హీరో లేడు. ఆ రాత్రి పదకొండు దాకా ఆ ఒక్క షాట్‌నే వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను, మా ఆవిడ ఏమైందండీ టీవీ చెడిపోయిందా అని వచ్చి అడిగింది.

అప్పటినుంచి మన పాత సినిమాలు టీవీలో వస్తుంటే ఒక్కోసారి సౌండ్ తీసేసి చూస్తున్నాను. మొన్న ఒక నలుపు తెలుపు సినిమా వస్తోంది, పేరు అనవసరం, ముందు హీరో హీరోయిన్ ఏదో తగువులాడుకుంటున్నారు. వెనకాల నులకమంచం మీద ఇంటిపెద్ద వేషం వేసిన నటుడు తమలపాకులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆకు పంచెకి రుద్దాడు, బొటనవేలి గోరుతో తొడిమ తుంచాడు, ఈనె చీల్చాడు, సున్నం వేలికొసకి తీసుకున్నాడు, సగం పూశాక తగువు పెద్దదయ్యేసరికి వేలు గాలిలో అలాగే ఆగిపోయింది. డైలాగ్ లేదు ఆయనకి. ఆ సీనులో తండ్రి మనసు మొత్తం ఆ సున్నం వేలిలో ఉంది. ఈ సినిమా నేను చిన్నప్పటినుంచి ఓ పదిసార్లు చూసి ఉంటాను, ఆ వేలు ఎప్పుడూ చూడలేదు.

ఫార్బర్ అన్నిచోట్లా ఒప్పే అని నేను అనడం లేదు. ఆ చెదపురుగు వ్యాసంలోనే ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీని, ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోని తెల్ల ఏనుగుల కొట్టంలో కట్టేశాడు. ట్రూఫో విషయంలో ఆయన తొందరపడ్డాడనే నా అభిప్రాయం. కానీ ఆయనతో ఒప్పుకోనప్పుడు కూడా నేను మళ్ళీ సినిమాకి వెళ్ళి చూడాల్సి వస్తుంది, ఆయన చెప్పిన మూల నిజంగా అలా ఉందా లేదా అని. మామూలు రివ్యూతో ఒప్పుకోకపోతే పేపర్ మడిచేస్తాం, అంతటితో అయిపోతుంది.

ఇలాంటి మనిషికి ఒక పత్రికలో స్థిరంగా కుర్చీ దొరకలేదు. టైమ్ పత్రికలో కొద్దికాలం, ది న్యూ లీడర్‌లో కొద్దికాలం, 1966లో కవలియర్ అనే మగవాళ్ళ పత్రికలో, ఆ తర్వాత ఆర్ట్‌ఫోరమ్‌లో. ఎక్కడ జాగా ఇస్తే అక్కడ రాశాడు. ఆయన రాసినవాటితో మొదటి పుస్తకం 'నెగటివ్ స్పేస్' వచ్చేసరికి 1971, అప్పటికి ఆయనకి యాభై నాలుగేళ్ళు. దాదాపు ముప్పై ఏళ్ళ రాత, ఒక్క పుస్తకం. సూసన్ సోంటాగ్ లాంటి పెద్ద రచయిత్రి ఆయన్ని మెచ్చుకుంది, తర్వాతి తరం విమర్శకులు ఆయన వ్యాసాలు దాచుకుని చదువుకున్నారు. ఆయన తీసిన దారిలో వెళ్ళినవాళ్ళకి వచ్చిన పేరు మాత్రం ఆయనకి రాలేదు.

1966లో పాట్రీషియా ప్యాటర్సన్ అనే చిత్రకారిణి ఆయన జీవితంలోకి వచ్చింది. మీరు ఎప్పుడైనా ఆయన గురించి రాస్తే ఈమె పేరు వదలొద్దు. తర్వాతి వ్యాసాలు ఇద్దరూ కలిసి రాశారు, ఇద్దరి పేర్లతో అచ్చయ్యాయి. ఆమె వచ్చాక రాతలో తిట్లు తగ్గి చూపు ఇంకా నిదానించింది. ఇద్దరూ కలిసి 1977లో ఫిల్మ్ కామెంట్ పత్రికలో బెల్జియం దర్శకురాలు శాంటల్ ఆకెర్మన్ సినిమా 'జాన్ డీల్మన్' మీద రాశారు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ఒక ఇల్లాలు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, గిన్నెలు కడుగుతుంది, లైట్లు ఆర్పుతుంది, మళ్ళీ వేస్తుంది. మగవాళ్ళ సత్యం అని ఉపశీర్షిక పెట్టిన మనిషి ఇరవై ఏళ్ళకి ఒక ఆడమనిషి తీసిన వంటింటి సినిమా ముందు అంత ఓపిగ్గా కూర్చున్నాడు. 2022లో బ్రిటన్ పత్రిక సైట్ అండ్ సౌండ్ ప్రపంచవ్యాప్తంగా విమర్శకులని అడిగితే అన్ని కాలాల్లోకీ గొప్ప సినిమాగా మొదటి స్థానం దానికే వచ్చింది. వీళ్ళిద్దరూ రాసి అప్పటికి నలభై ఐదేళ్ళు. ఆ వ్యాసమే వాళ్ళు సినిమా మీద రాసిన చివరిది. ఆ తర్వాత ఫార్బర్ సినిమా మీద రాయడం మానేసి పూర్తిగా బొమ్మల్లోకి వెళ్ళిపోయాడు.

1970లోనే ఇద్దరూ న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియా వచ్చేశారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1987 దాకా పాఠాలు చెప్పాడు. మాస్టారుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు మరీ ముఖ్యం. క్లాసులో సినిమా మొదటినుంచి చివరిదాకా వేసేవాడు కాదట. ఒక రీలు మధ్యలోంచి వేస్తాడు, ఆపేస్తాడు, సౌండ్ తీసేస్తాడు, వెనక్కి తిప్పుతాడు, ఇంకో సినిమాలో ముక్క తెచ్చి పక్కన పెడతాడు. పరీక్షలో ఫలానా సీనులో షాట్లు గుర్తుపెట్టుకుని బొమ్మ గీయమని అడిగేవాడు. కథ బట్టీపట్టి వచ్చిన పిల్లలకి చెమటలు పట్టేవని విన్నాను. పిల్లలకి టెన్షన్ పెట్టడం కోసం చేసినది కాదది. కథ కోసం పరిగెత్తే కన్నుని ఆపి ఇక్కడ చూడు అని కూర్చోబెట్టడానికి. మా షెడ్డులో గళ్ళు కొట్టించింది కూడా అందుకే కదా.

ఇక ఆ రోజు మ్యూజియంలో చూసిన బొమ్మలు. కాన్వాసు కాదు, ఎక్కువవి చెక్క బోర్డు మీద నూనె రంగులు. కొన్ని బోర్డులు నిలువెత్తువి. గది మధ్యలో బల్ల ఉందనుకోండి, మీరు కుర్చీ ఎక్కి నిట్టనిలువుగా కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. దిగంతం లేదు, గోడ లేదు, ముందు వెనక లేదు. బోర్డంతా వస్తువులు. పాతవాటిలో చాక్లెట్ బార్లు, మిఠాయి పొట్లాలు, పెన్సిళ్ళు రబ్బర్లు, బొమ్మ రైలు పట్టాలు. తర్వాతవాటిలో ప్యాటర్సన్ పెంచిన తోటలోంచి తెచ్చిన కూరగాయలు, కాడలతో సహా పువ్వులు, తెరిచిపెట్టిన చిత్రకళ పుస్తకాలు, చేతిరాతతో చిన్న చిన్న చీటీలు. నేను ఒక బోర్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మధ్యలో ఏముందా అని చూస్తే మధ్యలో ఏమీ లేదు. కన్ను ఒక కాడ పట్టుకుని పోతే అది ఒక చీటీ దగ్గర ఆగుతుంది, చీటీ చదవాలంటే మెడ వంచాలి ఎందుకంటే అది తలకిందులుగా ఉంది, అది చదివేలోపు పక్కనే సగం కోసిన కూరగాయ కనపడుతుంది, దాని నీడ ఇటు పడింది, దాని పక్కదాని నీడ పడినట్టే లేదు. అలా పోతూనే ఉంటాం. బోర్డుకి దగ్గరగా ముక్కు పెట్టి చూస్తే రంగు పల్చగా, ఎక్కడా చెయ్యి తిరిగిందని చూపించుకోకుండా వేశాడు. కాపలా ఆవిడ వచ్చి మర్యాదగా వెనక్కి జరగమంది. జరిగాను, మళ్ళీ ముందుకెళ్ళాను.

అప్పుడే అర్థమైంది, ఆయన సినిమా గురించి రాసినది, ఈ బోర్డు మీద వేసినది ఒకటే. సినిమాలో హీరోకి ఒక కేంద్రం, కథకి ఒక శిఖరం ఉంటాయని మనం నమ్ముతాం. ఆయన తెరని కూడా ఇలా పైనుంచి చూశాడు, మూలనున్న కుర్చీకీ మధ్యనున్న హీరోకీ ఒకే వెలుగు వేసి. రాసినా గీసినా రంపం పట్టినా అదే చెయ్యి. అలాంటి మనిషిని రచయితల పుస్తకంలో చిత్రకారుడని, చిత్రకారుల పుస్తకంలో సినిమావాడని పక్కన పెట్టేశారు. 2008 ఆగస్టులో, శాన్ డియాగోకి కాస్త ఉత్తరంగా సముద్రం ఒడ్డున ల్యూకేడియాలో, తన ఇంట్లో తొంభై ఒక్కేళ్ళ వయసులో పోయాడు. ఆ మరుసటి ఏడు గానీ ఆయన సినిమా రాతలన్నీ కలిపి ఒక్క పుస్తకంగా రాలేదు.

ఇప్పుడు నా అభ్యర్థన. మీ శుక్రవారం సినిమా పేజీలో ప్రతి రివ్యూ కింద ఐదింటికి ఇన్ని అని స్టార్లు వేస్తారు. రెండుంబావు, రెండుముప్పావు. ఆ పావు ఎక్కడినుంచి వచ్చిందో రాసినవాళ్ళకైనా తెలుసా అని నాకు ఎప్పటినుంచో సందేహం. ఫార్బర్‌ని 1977లో ఒక ఇంటర్వ్యూలో మంచి చెడు తేల్చడం గురించి అడిగితే, విమర్శకుడికి దాంతో దాదాపు పనే లేదు అన్నాడు. నీకు నచ్చిందా లేదా అన్నది నేను అన్నిటికంటే చివర తెలుసుకోవాలనుకునే సంగతి, రాయడంలో అసలు కష్టాలు దాని తర్వాత మొదలవుతాయి అన్న అర్థంలో చెప్పాడు. మీ విలేకరులని నేను తక్కువ చేయడం లేదు. ఉదయం ఆట చూసి మధ్యాహ్నానికి రాసి పంపాలంటే ఎంత ఒత్తిడో నాకు తెలుసు, బ్యానర్ కూడా గురువారం రాత్రికల్లా ఎక్కాల్సిందే. కానీ మీ రివ్యూలో కథ సగం ఉంటుంది, నటీనటులు ఒదిగిపోయారు అని ఒక వాక్యం ఉంటుంది, కెమెరా పనితనం బాగుంది అని ఇంకో వాక్యం. ఎవరు ఎక్కడ ఒదిగిపోయారు, ఏ సీనులో, చేతులు ఎక్కడ పెట్టుకుని? ఆ స్టార్ల జాగాలో నాలుగు లైన్లు ఇప్పించి, సినిమాలో తాము చూసిన ఒక్క చిన్న విషయం, ఒక్కటే, ఉన్నదున్నట్టు రాయమనండి. ఆటోడ్రైవర్ వేషం వేసినవాడు చిల్లర ఎలా లెక్కపెట్టాడో రాయమనండి. నేను శుక్రవారం పేపర్ దానికోసమే కొంటాను.

ఇంకొకటి. ఆ చెదపురుగు వ్యాసాన్ని అనుమతి తీసుకుని ఎవరిచేతైనా తెలుగు చేయించి ఆదివారం అనుబంధంలో వేయండి. ఇంగ్లీషులో చదవడమే కష్టం, అనువాదం ఇంకా కష్టం, కానీ చెద గురించి మనకి తెలిసినన్ని మాటలు ఇంగ్లీషులో లేవు, ఆ ఒక్క విషయంలో అనువాదకుడికి సుఖం. ఆ రెండు పేజీలకి బొమ్మ కావాలంటే నేను వేసిస్తాను, డబ్బు వద్దు.

2009లో వచ్చిన ఆయన పూర్తి సినిమా వ్యాసాల పుస్తకం నా దగ్గరుంది, ఎనిమిది వందల పేజీలు దాటింది, మా అమ్మాయి కొనిపెట్టింది. మీ విజయవాడ ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే ఇస్తాను, నెల రోజులు ఉంచుకోవచ్చు. లోపల మార్జిన్లలో నా పెన్సిల్ గీతలు, చిన్న చిన్న బొమ్మలు ఉన్నాయి, అవి చెరపకుండా తిరిగి ఇస్తే చాలు. ఇల్లు ఎప్పుడూ తీసే ఉంటుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మాత్రం వద్దు, ఆ టైములో పిల్లలకి డ్రాయింగ్ చెబుతాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
విజయవాడ.